తాగుడు ముందా, అప్పు ముందా?

మీరు అడిగిన సంగతి ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. విజయవాడ లబ్బీపేటలో మీ ఇంట్లో పనిచేసే ఆవిడ సింగ్‌నగర్ నుంచి వస్తుంది. భర్త తాగుతాడు. కొడుకు ఇంటర్ మధ్యలో మానేశాడు. ఇప్పుడు కూతురికి పదిహేడో ఏట పెళ్లి కుదిర్చారు. దీని మీద మీ ఇంట్లో వాదన జరిగింది. అన్నిటికీ ఆర్థిక అసమానతే మూలమని ఒకరన్నారు. మనిషి బుద్ధిగా ఉంటే ఎంత లేనివాడైనా పైకొస్తాడని, ఈ ఇంటిని ముంచింది తాగుడేనని ఇంకొకరన్నారు. ఎవరిది సరైన మాట అని అడిగారు. చివర్లో, పల్నాడులో మీ నాన్నగారి మూడెకరాలు మిర్చికి కౌలుకిచ్చామని కూడా రాశారు. ఆ చివరి వాక్యం మీరు మాటవరసకి రాసి ఉంటారు. నా సమాధానంలో సగం దాని గురించే.

నేను ప్రభుత్వ రంగ బ్యాంకులో ఉద్యోగం చేశాను. సర్వీసులో ఎక్కువ భాగం గుంటూరు, కృష్ణా జిల్లాల బ్రాంచీల్లోనే గడిచింది. పంట రుణాలు, డ్వాక్రా సంఘాల రుణాలు చూసేవాణ్ణి. రిటైరయ్యాక అప్పుల్లో కూరుకుపోయిన కుటుంబాలతో కూర్చుని, ఎవరికి ఎంత, ఏ వడ్డీకి అన్న లెక్క కాగితం మీద పెట్టించే పని చేస్తున్నాను. కాబట్టి నేను చెప్పబోయేది అప్పు వైపు నుంచి కనపడే సంగతి. అసమానత అనగానే అందరూ జీతాల తేడా గురించి మాట్లాడతారు. నేను చూసినంతలో జీతంలో తేడా కన్నా డబ్బు ఖరీదులో తేడా మనుషుల్ని ఎక్కువ నలిపేస్తుంది. ఒకే రూపాయి మీకు ఒక ధరకి, మీ పనావిడకి ఇంకో ధరకి దొరుకుతుంది.

ఎలాగో చూడండి. మీకు అర్జెంటుగా పదివేలు కావాలంటే బ్యాంకులో బంగారం పెడతారు, లేదా జీతం ఖాతా మీద తీసుకుంటారు. ఏడాదికి పది శాతం చుట్టూ పడుతుంది. ఆవిడ దగ్గర బంగారం ఉంటే అది ఎప్పుడో వెళ్లిపోయి ఉంటుంది. జీతం చీటీ లేదు, ఇల్లు సొంతం కాదు. ఆవిడకి దొరికేది డైలీ ఫైనాన్స్. పదివేల అప్పు అంటారు గానీ, ముందే వెయ్యి రూపాయలు పట్టుకుని తొమ్మిది వేలు చేతిలో పెడతారు. రోజుకి వంద చొప్పున వంద రోజులు కట్టాలి. ఒక అట్ట ముక్క ఇస్తారు, దాని మీద వంద గళ్లు. సాయంత్రం బండి మీద వచ్చే కుర్రాడు వంద తీసుకుని ఒక గడిలో సంతకం గీకి పోతాడు. తీసుకునేవాళ్లకి ఇది పదివేలకి వెయ్యే కదా, పది శాతమే కదా అనిపిస్తుంది. కానీ అసలు మొదటి రోజు నుంచే తీరుతూ వస్తోంది, వంద రోజుల్లో మొత్తం అయిపోతోంది. ఆ లెక్కన వార్షిక వడ్డీ కడితే డెబ్బై అయిదు శాతం దాటుతుంది. కొందరు వెయ్యికి బదులు పదిహేను వందలు ముందే పట్టుకుంటారు. అప్పుడు నూట ఇరవై శాతం. గడి తప్పితే జరిమానా వేరే. ఆ అట్ట నిండకముందే ఇంకో అట్ట తీసుకుని, రెండో దానితో మొదటిది మూసేసిన ఇళ్లు నేను చాలా చూశాను.

మీరు ఆవిడకి నెలకి ఎంతిస్తారో నాకు తెలియదు. కానీ రెండు అట్టలు నడుస్తున్న ఇంట్లో రోజుకి రెండు వందలు, నెలకి ఆరువేలు ముందు అక్కడికి పోతాయి. అద్దె, బియ్యం, కరెంటు దాని తర్వాతే.

ఇక మీ పొలం సంగతికి వస్తాను. మీ నాన్నగారి పేరు మీద పాసు పుస్తకం ఉంది కాబట్టి ఆయనకి బ్యాంకులో పంట రుణం వస్తుంది. మూడు లక్షల వరకు ఏడు శాతం వడ్డీ, గడువులోగా కడితే కేంద్రం ఇచ్చే మూడు శాతం రాయితీ పోను నాలుగు శాతం. ఆయన దున్నకపోయినా వస్తుంది. దున్నేవాడికి పాసు పుస్తకం లేదు. అతను నూటికి రెండు రూపాయలకో మూడు రూపాయలకో బయట తెచ్చుకుంటాడు. నూటికి మూడంటే ఏడాదికి ముప్పై ఆరు శాతం. లక్ష రూపాయలు పది నెలలకి తెస్తే మీ నాన్నగారికి పడే వడ్డీ మూడు వేల మూడు వందల చిల్లర. కౌలుదారుకి ముప్పై వేలు. భూమి అదే, నారు అదే, ఎరువుల కొట్టూ అదే. వాన కూడా ఇద్దరికీ సమానంగానే పడుతుంది. ఇరవై ఆరు వేల పైచిలుకు తేడా మటుకు కాగితం ఎవరి పేరున ఉందన్న ఒక్క కారణంతో వచ్చింది. దీనికి పైన కౌలు ఉంటుంది, అదీ చాలాచోట్ల ముందే ఇవ్వాలి. భూమి పేరు చెప్పి నాలుగు శాతానికి తెచ్చిన డబ్బునే కౌలుదారుకి రెండు రూపాయల వడ్డీకి తిప్పేవాళ్లు కూడా ఊళ్లలో ఉన్నారు. మీ నాన్నగారు అలా చేశారని నేననడం లేదు. ఆ దారి తెరిచి ఉందని మాత్రం చెబుతున్నాను.

మిర్చికి ఎకరానికి పెట్టుబడి తేలిగ్గా లక్షన్నర దాటుతుంది. కోత కూలీలే ఒక పెద్ద ఖర్చు. అంత డబ్బు కోసం కౌలుదారు గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారి దగ్గర అడ్వాన్సు తీసుకుంటాడు. తీసుకున్నాక టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, ఆ కొట్టుకే తోలాలి. అందరి కాయా ఒకేసారి వచ్చిపడే ఫిబ్రవరి, మార్చిల్లో ధర దిగుతుంది. సొంత డబ్బున్న రైతు కోల్డ్ స్టోరేజీలో పెట్టుకుని ఆగుతాడు. వడ్డీ పరిగెడుతున్నవాడు ఆగలేడు, ఆ రోజు రేటుకే అమ్మేసి పోతాడు. 2017లో ధర ఎంత పడిందంటే కేంద్రం క్వింటాలు ఐదు వేలకి కొనే పథకం ప్రకటించాల్సి వచ్చింది. 2025 ఫిబ్రవరిలో మళ్లీ పడితే 11,781 రూపాయలు ప్రకటించారు. ఇలాంటి ఏడాది భూమి యజమానికి కౌలు ముందే చేతికొచ్చి ఉంటుంది. ఆగగలిగిన రైతుకి లాభం తగ్గుతుంది. కౌలుదారుకి మిగిలేది అప్పు. ఆ అప్పుతో రెండో ఏడాది మళ్లీ మిర్చే వేస్తాడు, ఎందుకంటే అంత అప్పు తీర్చగల పంట అతనికి ఇంకోటి కనపడదు.

జాతీయ నమూనా సర్వే 2019లో చేసిన లెక్క ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయ కుటుంబాల్లో నూటికి తొంభై మూడు అప్పుల్లో ఉన్నాయి. దేశం మొత్తం మీద అది యాభై. సగటు అప్పు మన దగ్గర 2,45,554 రూపాయలు, దేశంలో 74,121. అప్పు అనేది దానంతట అది చెడ్డది కాదండీ. బ్యాంకు అప్పుతో పైకొచ్చిన ఇళ్లు నా చేతుల మీదుగానే ఎన్నో ఉన్నాయి. ఎవరి దగ్గర, ఎంతకి అన్నదాన్ని బట్టి అది మెట్టో గొయ్యో తేలుతుంది.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. తాగుడు ముందా, అప్పు ముందా?

వాదించడం కన్నా తేదీలు రాయించడం మంచిదని నాకు అనుభవం మీద తెలిసింది. ఏ కుటుంబంతో కూర్చున్నా, ఏది ఎప్పుడు జరిగిందో వరసగా చెప్పించుకుంటాను. సింగ్‌నగర్ దగ్గరి వాంబే కాలనీ వైపు ఒక ఆటో డ్రైవరు ఇంటి వరస చెబుతాను, గుర్తు పట్టకుండా కొన్ని వివరాలు మార్చాను. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి నీళ్లు ఆ ఇంట్లోకి వచ్చాయి. అంతకు ముందు వాళ్లకి ఆటో మీద ఒక నెలవారీ కిస్తీ, ఒక డ్వాక్రా సంఘం అప్పు, అంతే. అతను తాగేవాడు, కాని ఆదివారాలు. నీళ్లు వారం దాటి ఉన్నాయి. ఇంజన్లోకి బురద పోయింది. ఫ్రిజ్, కుట్టు మిషను, పరుపులు పోయాయి. ప్రభుత్వం కింది అంతస్తు ఇళ్లకి ఇరవై అయిదు వేలు ఇచ్చింది, వాళ్లకీ వచ్చింది, సాయపడింది కూడా. కానీ ఆటో బాగై రోడ్డెక్కేసరికి ఆదాయం లేని రోజులు బోలెడు గడిచాయి. కిస్తీ మాత్రం ఆగలేదు. ఆ కిస్తీ కోసం మొదటి డైలీ అట్ట వచ్చింది. సంక్రాంతి లోపు రెండోది వచ్చింది. భార్య రెండిళ్లలో చేసే పని నాలుగిళ్లకి పెంచింది, ఉదయం అయిదింటికి వెళ్తే మధ్యాహ్నం దాటాక గానీ ఇంటికి రాదు. కొడుకు కాలేజీ మానేసి కేటరింగ్ పనులకి పోవడం మొదలుపెట్టాడు. అతను రోజూ తాగడం మొదలైంది ఆ తర్వాత.

చూశారా, తాగుడు ముందూ ఉంది, వెనకా ఉంది. ముందున్న తాగుడు ఇల్లు ముంచలేదు. అప్పు పెరిగాక పెరిగిన తాగుడు ముంచింది. ఆ తాగుడు మళ్లీ అప్పుని పెంచింది. ఒక దశ దాటాక ఈ రెంటినీ విడదీయలేం, అది నేను ఒప్పుకుంటాను. కానీ మొదలెక్కడో అడిగినప్పుడు, నేను వరస రాయించిన ఇళ్లలో ఎక్కువ వాటికి ఒక జబ్బో, ఒక వరదో, ఒక ధర పడిపోవడమో దొరుకుతుంది. దాని వెంటనే ఖరీదైన అప్పు దొరుకుతుంది.

బుడమేరు నీళ్లు లబ్బీపేటకి రాలేదు. వచ్చి ఉంటే ఏమయ్యేదో మీరే ఆలోచించండి. కారుకి ఇన్సూరెన్సు ఉంటుంది. జీతం ఆగదు. రెండు నెలల ఖర్చు బ్యాంకులో ఉంటుంది, లేకపోతే అన్నదమ్ములు సర్దుతారు. మీకు అది ఒక చెడ్డ నెల. బుడమేరు పొంగడానికి ముందు రోజే మొగల్రాజపురం సున్నపుబట్టీల దగ్గర కొండచరియ విరిగి ఇళ్ల మీద పడి ప్రాణాలు పోయాయి. ఆ కొండ వాలుల మీద, బుడమేరు పక్క పల్లంలో మనుషులు కోరి ఇల్లు కట్టుకోలేదు. ఊళ్లో మిగతా చోట్ల గజం ధర వాళ్లకి అందలేదు. ఎవరి ఇల్లు ఎక్కడుంటుందో వాళ్ల దగ్గరున్న డబ్బు తేల్చింది. ఆపద ఎవరి మీద పడుతుందో ఆ స్థలాన్ని బట్టి తేలింది.

బుద్ధిగా ఉంటే పైకొస్తారన్న మాటని నేను కొట్టిపారేయను. ఒకే వీధిలో, ఒకే రాబడి మీద, ఒకతను తాగి పాడైతే పక్కింటాయన కూతుర్ని ఇంజనీరింగ్ చదివించిన సందర్భాలు ఉన్నాయి. మనిషి స్వభావం ఉంది, దాని బలమూ ఉంది. కాని నేను పనిచేసిన బ్రాంచీల్లో డబ్బున్న ఇళ్లలో తాగేవాళ్లనీ చూశాను, పేకాటలో ఎకరాలు పోగొట్టినవాళ్లనీ చూశాను. ఆ ఇళ్లలో భార్య బాధ పడింది, పరువు పోయింది. కాని కూతురి చదువు ఆగలేదు. ఇల్లు ఖాళీ చేయాల్సి రాలేదు. ఆదాయం మధ్యలో ఆగినా కొంతకాలం నెట్టుకొచ్చారు. అదే సీసా సింగ్‌నగర్ ఇంట్లో కూతురి పెళ్లి తేదీని ముందుకి జరుపుతుంది. తప్పు ఎవరు చేస్తారన్నది స్వభావం మీద ఆధారపడి ఉండొచ్చు. ఆ తప్పుకి ఎంత చెల్లించాలో, ఎవరు చెల్లించాలో మటుకు అసమానత నిర్ణయిస్తుంది. చెల్లించేది చాలాసార్లు తప్పు చేసినవాడు కూడా కాదు, ఆ ఇంటి ఆడపిల్ల.

కష్టంలో ఉన్న మనిషి బుర్ర కూడా మామూలుగా పనిచేయదు. తమిళనాడు చెరకు రైతుల మీద చేసిన ఒక అధ్యయనం 2013లో వెలువడింది. అదే రైతుకి కోతకి ముందు, చేతిలో డబ్బు లేనప్పుడు ఒకసారి, కోత అయి డబ్బు చేతికొచ్చాక ఒకసారి తెలివికి సంబంధించిన పరీక్షలు పెట్టారు. మనిషి మారలేదు, చదువు మారలేదు. కోతకి ముందు ఫలితాలు స్పష్టంగా తగ్గాయి. అప్పు తీర్చే ఆలోచన మెదడులో ఎంత చోటు ఆక్రమిస్తుందో దాన్ని బట్టి తెలుస్తుంది. రెండో అట్ట ఎందుకు తీసుకున్నావమ్మా అని నేను అడిగితే, ఆ రోజు సాయంత్రం వచ్చే కుర్రాడి గురించి తప్ప ఇంకేమీ ఆలోచించలేకపోయానని చెప్పినవాళ్లు ఉన్నారు. ఇది తెలివితక్కువతనం అని నేను ఏనాడూ అనుకోలేదు.

పేదరికం వేరు, అసమానత వేరు కదా అని మీకు అనుమానం రావచ్చు. వేరే. మన రెండు జిల్లాల్లో నలభై ఏళ్ల కిందటి ఆకలి ఇప్పుడు లేదు. రేషను బియ్యం ఉంది, ఆరోగ్యశ్రీ 2007 నుంచి ఉంది, పింఛను ఉంది. అయినా అప్పులు పెరిగాయి. పైవాళ్ల ఖర్చు కిందివాళ్లకి ధరగా మారడం దీనికి ఒక పెద్ద కారణం. ఊళ్లో సగం పిల్లలు ఇంగ్లిషు మీడియం ప్రైవేటు స్కూలుకి పోతుంటే తన పిల్లని పంపకపోవడం తల్లికి ద్రోహంలా అనిపిస్తుంది. ఫంక్షన్ హాలు పెళ్లి మామూలైపోతే గుడి ముందు పెళ్లి పరువు తక్కువవుతుంది. కట్నం రేటు కూడా పైనుంచే దిగుతుంది. స్థలాల ధరలు పెరిగితే అద్దెలు పెరుగుతాయి. లండన్ ప్రభుత్వ ఉద్యోగుల మీద 1967లో మొదలైన పరిశోధన ఒకటుంది. అందులో ఎవరూ తిండికి లేనివాళ్లు కారు, అందరికీ ఉద్యోగమే. అయినా అట్టడుగు గ్రేడు మగవాళ్లలో మరణాలు పై గ్రేడు వాళ్ల కన్నా దాదాపు మూడు రెట్లు కనపడ్డాయి. సిగరెట్లు, రక్తపోటు లాంటివి లెక్కలోంచి తీసేసినా తేడా మొత్తం పోలేదు. 2002లో అచ్చయిన ఒక పరిశోధనలో ప్రపంచ బ్యాంకు ఆర్థికవేత్తలు చాలా దేశాల లెక్కలు పోల్చి, ఆదాయాల మధ్య దూరం ఎక్కువున్న చోట హత్యలు, దోపిడీలు ఎక్కువని తేల్చారు. ఇక మన దేశంలో ఆ దూరం ఎంతంటే, వరల్డ్ ఇన్‌ఈక్వాలిటీ ల్యాబ్ 2024లో వేసిన అంచనా ప్రకారం పైనున్న ఒక్క శాతం మంది చేతిలో దేశ ఆదాయంలో 22.6 శాతం, సంపదలో 40.1 శాతం ఉంది.

మన పక్కనే ఒక ఉదాహరణ ఉంది. అమరావతి కోసం 2015లో ఇరవై తొమ్మిది గ్రామాల్లో భూ సమీకరణ జరిగింది. జరీబు, అంటే ఏడాది పొడవునా నీళ్లుండే భూమి, ఎకరం ఇచ్చిన రైతుకి వెయ్యి గజాల ఇంటి స్థలం, నాలుగు వందల యాభై గజాల వాణిజ్య స్థలం, ఏడాదికి యాభై వేల కౌలు, అది ఏటా అయిదు వేలు పెరుగుతూ పదేళ్లు ఇస్తామని ఒప్పందం. అదే పొలంలో అరటికి, కూరగాయలకి, పూలకి ఏడాది పొడవునా కూలికి పోయిన భూమి లేని కుటుంబానికి నెలకి రెండున్నర వేల పింఛను. దానికి ఏటా పెరుగుదల లేదు. తర్వాతి ఏళ్లలో రైతులు కూడా ప్లాట్ల కోసం, కౌలు బకాయిల కోసం ఎంత వేదన పడ్డారో నాకు తెలుసు, దాన్ని చిన్నది చేయను. నేను చెప్పేది ఇంతే: ఆ నేల మీద బతికినవాళ్లు ఇద్దరు, ధర పెరిగినప్పుడు వాటా మాత్రం కాగితం ఉన్నవాళ్లకే లెక్కకట్టారు. కూలి కుటుంబాల ఆడవాళ్లు పని కోసం ఆటోల్లో దూరం ఊళ్లకి పోవడం అప్పుడే ఎక్కువైంది.

ఇంత చెప్పినా, మీ ఇంట్లో మొదటివారు అన్న 'అన్నిటికీ' అనే మాట దగ్గర నేను ఆగుతాను. అన్నిటికీ కాదు. 1991 ఆగస్టు 6న అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని చంపారు. ఆ ఊరి దళితులు మిగతా చోట్ల కన్నా చదువుకున్నవాళ్లు, రైల్వేలో ఉద్యోగాలున్నవాళ్లు. అంటే డబ్బులో, చదువులో దూరం తగ్గుతున్న చోట ఆ హింస జరిగింది. తగ్గడమే కొందరికి కంటగింపయింది. ప్రత్యేక కోర్టు 2007లో శిక్షలు వేసింది, 2014లో హైకోర్టు వాటిని కొట్టేసింది. కులానికి దాని వేరు దానికుంది. దాన్ని డబ్బు లెక్కలో కలిపేస్తే మనకి అర్థం కాకుండా పోతుంది. కట్నం కోసం వేధింపులు కోటీశ్వరుల ఇళ్లలోనూ ఉన్నాయి. ఆడపిల్ల చదువు కన్నా పెళ్లి ముఖ్యమనే నమ్మకం కూడా ఒక్క పేదరికం వల్ల పుట్టింది కాదు. ఈ సమస్యలకి అసమానత తోడైతే అవి బలపడతాయని నేను నమ్ముతాను. వాటిని అదే పుట్టించిందని అనను.

తాగుడు విషయంలో ప్రభుత్వాలని కూడా అడగాలి. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు 1992లో లేచి సారా దుకాణాలు మూయించారు. 1993లో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. 1997లో ఎత్తేశారు. ఖజానాకి ఆ రాబడి కావాలి. పేదవాడి కూలిలోంచి వచ్చే పన్నుతో పథకాలు నడిపి, ఆ పథకాలు తీసుకున్నవాణ్ణి తాగుబోతు అనడం నాకు న్యాయంగా కనిపించదు.

వడ్డీ వ్యాపారం మీద చర్యలు లేవా అంటే, ఉన్నాయి. 2006లో కృష్ణా జిల్లా అధికారులు పేదలకి చిన్న అప్పులిచ్చే మైక్రోఫైనాన్స్ కంపెనీల శాఖలు యాభై దాకా మూయించారు. 2010 అక్టోబరులో రాష్ట్రం వాటి మీద ఆర్డినెన్సు తెచ్చింది, అప్పు తీసుకున్నవాళ్ల ఆత్మహత్యల తర్వాత. 2015 డిసెంబరులో విజయవాడలో కాల్ మనీ అనే అధిక వడ్డీ అప్పుల వ్యవహారం బయటపడింది. అప్పు తీర్చలేని ఆడవాళ్లని లైంగికంగా వాడుకున్నారన్న ఫిర్యాదులు చదివి రాష్ట్రమంతా ఉలిక్కిపడింది. అరెస్టులు జరిగాయి. తర్వాత ఫోన్లలో లోన్ యాప్‌లు వచ్చాయి, మార్ఫింగ్ ఫొటోలతో బెదిరింపులు వచ్చాయి, 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు డిజిటల్ రుణాలకి నిబంధనలు పెట్టింది. ప్రతిసారీ అప్పిచ్చేవాడి మీద పడ్డాం, పడాల్సిందే. అప్పు అవసరం మాత్రం అక్కడే ఉండిపోయింది. ఒక తలుపు మూస్తే అదే మనిషి ఇంకో తలుపు తట్టాడు. బ్యాంకు తలుపు అతనికి తెరుచుకుని ఉంటే ఈ కథ ఇన్నిసార్లు జరిగేది కాదు.

ఇక పదిహేడేళ్ల అమ్మాయి. దీనికి తొందర ఉంది కాబట్టి సూటిగా చెబుతాను. పద్దెనిమిది నిండకుండా పెళ్లి 2006 బాల్య వివాహ నిషేధ చట్టం ప్రకారం నేరం. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేస్తే ఎవరు చెప్పారో బయటపెట్టరు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21లో చూస్తే, మన రాష్ట్రంలో ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ల ఆడవాళ్లలో పద్దెనిమిది లోపు పెళ్లయినవాళ్లు 29.3 శాతం. దేశ సగటు 23.3. మనం వెనకబడ్డాం. కాని ఫోన్ చేసే ముందో, చేసిన వెంటనో ఆ తల్లిని కూర్చోబెట్టి, ఎందుకింత తొందర అని అడగండి. నేను పైన చెప్పిన ఆటో డ్రైవరు ఇంట్లో కూడా ఇదే జరగబోయింది. తల్లి చెప్పిన కారణం విన్నాక నాకు చాలాసేపు మాట రాలేదు. "డబ్బుకొచ్చే కుర్రాళ్లు నేను లేనప్పుడు లోపలికొచ్చి కూర్చుంటున్నారండీ. పిల్ల ఒక్కతే ఉంటుంది." ఆ పెళ్లి ఆచారం కోసం తలపెట్టింది కాదు, కట్నం తక్కువని కూడా కాదు. కూతురికి కాపలా దొరుకుతుందని.

అక్కడ మేము చేసిన పని పెద్దదేమీ కాదు. అట్టలన్నీ బల్ల మీద పరిచి, తీసుకున్నదెంత, కట్టిందెంత రాశాం. ఒకదానికి అసలు ఎప్పుడో తీరిపోయింది. సంఘం ద్వారా బ్యాంకు రుణం కొత్తగా పెట్టించి, మిగిలిన అప్పు ఒకేసారి మూయించాం. నలుగురు పెద్దమనుషులు, సంఘం ఆడవాళ్లు వచ్చి వసూలువాళ్లతో మాట్లాడారు. ఇంటికి రావద్దని, డబ్బు ఫలానా చోట ఇస్తామని తేల్చారు. అమ్మాయి ఇప్పుడు డిగ్రీలో ఉంది. అతను తాగడం పూర్తిగా మానలేదు, తగ్గింది. మీ పనావిడ విషయంలో కూడా మీరు ఒక మధ్యాహ్నం కేటాయించి ఈ లెక్క రాయండి. జీతం పెంచగలిగితే పెంచండి, మూడు నెలల జీతం వడ్డీ లేకుండా ముందివ్వగలిగితే ఇంకా మంచిది. ఎందుకంటే ఆవిడ జీవితంలో వడ్డీ లేని రూపాయి ఎంత అరుదో మీకు ఇప్పుడు తెలుసు.

చివరిగా, మీ మూడెకరాలు. 2019 పంట సాగుదారు హక్కుల చట్టం ప్రకారం మీ కౌలుదారుకి ఒక కార్డు వస్తుంది. దాంతో అతను బ్యాంకులో పంట రుణం అడగొచ్చు, ఈ-క్రాప్ అనే ప్రభుత్వ పంట నమోదులో తన పేరు రాయించుకోవచ్చు, పంట పోతే బీమా, పరిహారం తన ఖాతాలో పడతాయి. దానికి యజమాని సంతకం కావాలి. చాలామంది పెట్టడం లేదు. భూమి చేజారుతుందన్న భయం. ఆ ఒప్పందం పదకొండు నెలలకే, యాజమాన్య హక్కుని అది తాకదని చట్టంలోనే రాసి ఉంది. ఇంకో చిక్కు కూడా ఉంది: అదే సర్వే నంబరు మీద మీ నాన్నగారు పంట రుణం తీసుకుని ఉంటే, కార్డు ఉన్నా కౌలుదారుకి బ్యాంకు రెండోసారి ఇవ్వదు. ఆయనకి ఆ డబ్బు నిజంగా అవసరం లేకపోతే ఈ ఏడాది తీసుకోవద్దని చెప్పండి. ఊళ్లో మరో నలుగురైదుగురు కౌలుదారులు కలిస్తే ఉమ్మడి బాధ్యతా సంఘంగా కూడా రుణం అడగొచ్చు, బ్రాంచిలో ఫీల్డ్ ఆఫీసరుని కలవమనండి. జూన్ లోపు సంతకం అయితేనే మిర్చి పెట్టుబడికి ఆ డబ్బు అందుతుంది. నారు పోశాక వచ్చినా, అప్పటికే అతను యార్డులో అడ్వాన్సు తీసుకుని ఉంటాడు.